కౌంటర్ మీద పిల్లలు ప్రతి హెచ్చరికకూ 'యెస్' కొడుతున్నరు, ఏం చెయ్యాలె?

తమ్మీ, నీ పాత పోస్టు చూడనోళ్ళ కోసం సంగతి రెండు ముక్కల్లో చెప్త. నీకు నయీంనగర్‌లో నెట్ సెంటర్, మూడు మిషన్లు, కౌంటర్ మీద ఇద్దరు పిల్లలు. పోయిన వారం ఒక మిషన్ మీద తెర నిండా బొమ్మ పడి, బీప్‌లు కొట్టుకుంట "మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి" అన్నది. పిల్లగాడు ఫోన్ చేసిండు. అవతలోడు ఎనీడెస్క్ దించుకొమ్మన్నడు, దూరం నుంచి మన మిషన్ నడిపే యాప్ అది. అది దిగుతుంటే నువ్వు బయటి నుంచి వచ్చి నెట్ వైరు పీకినవ్. "ఎంత చెప్పినా చదవరు, వచ్చినదానికల్లా యెస్ కొడతరు. ఏ యాంటీవైరస్ కొనాలె, వీళ్ళకు చదవడం ఎట్ల నేర్పాలె" అని అడిగినవ్.

యాంటీవైరస్ ఏమీ కొనకు. విండోస్‌తో వచ్చే డిఫెండర్ చాలు, అప్‌డేట్లు ఆగకుండా చూసుకో. నీ మిషన్లు విండోస్ 10 మీద ఉంటే దానికి 2025 అక్టోబర్ 14తోనే మామూలు సపోర్టు అయిపోయింది, పైసలు పెట్టేదుంటే కొత్త విండోస్‌కు మారడానికి పెట్టు. ఫ్రీగా దొరికే యాంటీవైరస్‌లు మాత్రం వద్దు. "మీ పీసీ ప్రమాదంలో ఉంది, ఇప్పుడే కొనండి" అని మూల మీద ఊకె లేస్తయి. అది అమ్మకం మాట, హెచ్చరిక వేషంలో వస్తది. పిల్లలకు హెచ్చరికల మీద మిగిలిన కొంచెం నమ్మకం దానితోనే పోతది.

ఇగ అసలు ప్రశ్న. హన్మకొండ, కాజీపేటలో నెట్ సెంటర్లు, జిరాక్స్ షాపులు, ఏనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణాల లెక్కల మిషన్లు, ఇవి చూసుకునుడు ఏండ్ల సంది నా పని. ఎక్కడికి పోయినా ఓనర్లది ఒకటే మాట: "వీళ్ళు చదవరు సార్." నేనైతే ఒప్పుకోను. వాళ్ళు మొదటిసారి చదివిన్రు. చదివి నిన్ను పిలిచిన్రు. నువ్వు అటు జిరాక్స్ తీసుకుంటనే "ఏం కాదు, కొట్టు" అన్నవ్. కొట్టిన్రు, నిజంగనే ఏం కాలేదు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. మన దుకాణాల్లో యూపీఎస్ కూతకు ఎవరు తలెత్తి చూస్తరు? కరెంటు పోయినప్పుడల్లా కూస్తది కాబట్టి, బ్యాటరీ చచ్చిపోయేముందు కూసే కూత కూడా అందులోనే కలిసిపోతది.

ఇంకొకటి గమనించు. డిగ్రీ సీట్ల దోస్త్ రిజిస్ట్రేషన్లప్పుడో, ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే చివరి రోజో, కౌంటర్ ముందు పదిమంది నిలబడి ఉంటరు. పిల్లగాడు ఒక బాక్స్ చూసి ఆగిండనుకో. ముందున్నాయన "ఏమైంది తమ్మీ, జల్ది కానియ్యి" అంటడు, వెనకాయన గొణుగుతడు, నువ్వు గుర్రున చూస్తవ్. యెస్ కొట్టిండనుకో, లైన్ కదులుతది. ఆగినందుకు శిక్ష అప్పటికప్పుడే పడుతది. కొట్టినందుకు పడే శిక్ష ఎన్నడో ఒకనాడు, అది కూడా ఎవరి ఖాతాలోనో. ఆ కుర్చీలో నువ్వు కూర్చున్నా నేను కూర్చున్నా అదే చేస్తం.

ఇది నా ఒక్కని అంచనా కాదు. 2013లో దేవదత్త అఖావే, ఏడ్రియన్ పోర్టర్ ఫెల్ట్ అని ఇద్దరు పరిశోధకులు క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వాడేటోళ్ళకు నిజంగా కనబడ్డ హెచ్చరికలు రెండున్నర కోట్లకు పైగా లెక్కగట్టిన్రు. "ఈ సైటు సర్టిఫికెట్, అంటే దాని గుర్తింపు పత్రం, సరిగ్గా లేదు" అనే హెచ్చరికను క్రోమ్‌లో 70 శాతం సార్లు దాటేసి పోయిన్రు, ఫైర్‌ఫాక్స్‌లో 33 శాతం. అదే "ఈ సైటులో వైరస్ ఉంది, మోసం ఉంది" అన్న హెచ్చరికనైతే క్రోమ్‌లో దాటింది నాలుగో వంతు లోపే, ఫైర్‌ఫాక్స్‌లో పదో వంతు లోపే. జనం ఏదీ చదవరన్నదే నిజమైతే ఈ అంకెలన్నీ ఒక్కతీరుగ ఉండాలె కదా. రెండు బ్రౌజర్లు చెప్పే సంగతి ఒక్కటే, చెప్పే తీరు వేరు. పైగా ఒకసారి ఒప్పుకున్న సైటును ఫైర్‌ఫాక్స్ గుర్తుపెట్టుకుని మళ్ళీ మళ్ళీ అడగదు. తక్కువసార్లు అడిగేదానికే విలువ ఎక్కువ. 2015లో అమెరికాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీవాళ్ళు మనుషులను ఎంఆర్ఐ మిషన్‌లో పడుకోబెట్టి హెచ్చరికలు చూపించిన్రు. అదే బొమ్మ రెండోసారి కనబడేసరికే మెదడులో చూపుకు సంబంధించిన కదలిక బాగా పడిపోయింది. రెండోసారికే! నీ పిల్లలు ఎన్నోసారి చూస్తున్నరో లెక్కేసుకో.

విండోస్ విస్టా వాడినోళ్ళకు ఇది అనుభవమే. ఏది ముట్టుకున్నా తెర నల్లబడి "అనుమతిస్తవా" అని అడిగేది. 2008లో ఒక సభలో మైక్రోసాఫ్ట్ మనిషి డేవిడ్ క్రాస్, దాన్ని పెట్టిందే జనాన్ని విసిగించడానికని బాజాప్తా చెప్పిండు. జనం విసిగితే సాఫ్ట్‌వేర్ రాసేటోళ్ళు దారికొస్తరని వాళ్ళ లెక్క. వాళ్ళెంత దారికొచ్చిన్రో గని, కళ్ళు మూసుకుని యెస్ కొట్టుడు మాత్రం జనానికి బాగా అలవాటైంది. 2009లో విండోస్ 7 వచ్చినంక ఆ అడుగుడు తగ్గింది.

కాబట్టి చదవడం నేర్పుడు తర్వాత. ముందు నీ మిషన్ల మీద రోజూ వచ్చే ఉత్తుత్తి హెచ్చరికలు తీసెయ్యాలె. ఒక రోజు పొద్దుగాల నుంచి పిల్లల పక్కన కూర్చొని, ఏది వస్తే అది కాగితం మీద రాసుకో. నీ దగ్గర ఏం దొరుకుతయో చాలామటుకు ఇక్కడి నుంచే చెప్పగల.

మొదటిది మిషన్ ఆన్ చేసిన నిమిషంలోనే దొరుకుతది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, "ఎఫ్1 నొక్కండి" అని. పిల్లగాడు దిక్కు కూడా చూడకుండ నొక్కుతడు. లోపలికి పోతే మూలన తేదీ ఎన్నేండ్ల కిందటిదో ఉంటది. క్రోమ్ తెరిస్తే ఏ సైటుకు పోయినా "మీ గడియారం వెనకబడి ఉంది" అనో, "కనెక్షన్ సురక్షితం కాదు" అనో పేజీ వస్తది. ఎందుకంటే ప్రతి సైటు సర్టిఫికెట్‌కూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని గడువుంటది, నీ మిషన్ లెక్కలో ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనేలేదు. దీనంతటికీ కారణం మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత ఉండే సెల్, సీఆర్ 2032 అంటరు, 3 వోల్టులది. మిషన్‌కు కరెంటు ఉన్నంతసేపు దానికి పని లేదు. రాత్రి మెయిన్ ఆఫ్ చేసి షట్టర్ దించి పోతం కదా, ఆ రాత్రంతా గడియారాన్ని నడిపించేది అదే. ప్లగ్గు పీకి, పక్క డోర్ తీసి, అంచున ఉన్న చిన్న క్లిప్పును గోరుతో నెడితే సెల్ ఎగిరి వస్తది. రాసి ఉన్న పక్క పైకుండేటట్టు కొత్తది పెట్టి, బయోస్‌లో (మిషన్ లేస్తనే తెరుచుకునే సెట్టింగుల తెర) తేదీ, టైము సరిచేసి సేవ్ చెయ్యి. చేతి గడియారాలు బాగుచేసేటోళ్ళ దగ్గర కూడా ఆ సెల్ దొరుకుతది. అది మార్చని దుకాణాల్లో పిల్లలు ప్రతి పొద్దు రెండు హెచ్చరికలను దాటుకుంట పని మొదలుపెడతరు. బోణీ అవుతనే అలవాటు పడిపోయింది, ఇగ సాయంత్రం వచ్చే నిజం హెచ్చరిక దగ్గర ఆగుమంటే ఎట్ల ఆగుతరు?

రెండోది వర్డ్ ఫైళ్ళు. రెజ్యూమె ప్రింట్ కొట్టమని కస్టమర్ వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపుతడు. తెరవంగనే పైన పసుపు పట్టీ, పక్కన "ఎనేబుల్ ఎడిటింగ్" బటన్. అక్షరం దిద్దాలన్నా, ప్రింట్ తియ్యాలన్నా అది ఒప్పుకోవాల్సిందే. దినాం అదే పని. అందుకే "ఎనేబుల్ కంటెంట్" అని ఇంకో పసుపు పట్టీ వస్తే, చెయ్యి దానంతటదే పోయి నొక్కుతది. మొదటిది ఫైల్‌ను దిద్దడానికి, రెండోది అందులో దాగిన మాక్రోను, అంటే చిన్న ప్రోగ్రామ్‌ను, నడపడానికి. రెజ్యూమెకు మాక్రోతో ఏం పని? నెట్ నుంచి వచ్చిన ఫైళ్ళలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి మొత్తానికే ఆపేస్తున్నది, ఎర్ర పట్టీ చూపిస్తది. మంచిదే. కానీ "ఈ ఫైల్ నెట్ నుంచి వచ్చింది" అన్న గుర్తు విండోస్ డిస్కులు వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలోనే నిలుస్తది, మనోళ్ళు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతివి. పెన్‌డ్రైవ్ మీదుగా వచ్చిన ఫైల్‌కు ఆ ఎర్ర పట్టీ రాకపోవచ్చు. హెచ్చరిక రాలేదంటే ఫైల్ మంచిదని కాదు. ఆఫీస్ సెట్టింగ్స్‌లో ట్రస్ట్ సెంటర్‌కు పోయి మాక్రోలను నోటిఫికేషన్ లేకుండ మొత్తానికే బంద్ చెయ్యి, జిరాక్స్ పనికి వాటితో అవసరమే పడదు. రెండో పట్టీ మళ్ళీ కనబడదు.

పెన్‌డ్రైవ్ అన్నం కాబట్టి ఇదొకటి. పెట్టంగనే దానంతటది నడిచే ఆటోరన్‌ను పెన్‌డ్రైవ్‌లకు విండోస్ 7 నుంచే తీసేసిన్రు. అప్పటి నుంచి వైరస్‌లు మన చేతనే నొక్కించుకుంటున్నయి. లోపలి ఫోల్డర్లు దాచిపెట్టి, అదే పేరుతో షార్ట్‌కట్ పెడతయి, అందుకే జిరాక్స్ షాపుల్లో దాన్ని షార్ట్‌కట్ వైరస్ అంటం. ఫోల్డర్ బొమ్మ మూలన చిన్న బాణం గుర్తుంటే డబుల్ క్లిక్ కొట్టొద్దని పిల్లలకు చెప్పు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూకు పోయి "ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్" టిక్ పెట్టు. అది లేకుంటే చివర డాట్ ఈఎక్స్ఈ ఉన్న ఫైల్, అంటే నొక్కితే నడిచే ప్రోగ్రామ్, కూడా పీడీఎఫ్ లెక్కనే కనబడుతది.

మూడోది పిల్లలను బాగా చెడగొట్టేది. పెన్‌డ్రైవ్ లెక్క ఉండే డిజిటల్ సంతకం టోకెన్ పెట్టి చేసే పోర్టల్స్ కొన్ని ఉన్నయి కదా. వాటి సూచనల్లోనే రాసి ఉంటది: బ్రౌజర్‌లో 127.0.0.1 తెరువు, హెచ్చరిక పేజీ వస్తది, "అడ్వాన్స్‌డ్" కొట్టు, "ప్రొసీడ్" కొట్టు అని. ఇది మోసం కాదు. 127.0.0.1 అంటే ఎక్కడో దూరాన ఉన్న సైటు కాదు, నీ మిషనే. టోకెన్‌తో మాట్లాడే చిన్న సాఫ్ట్‌వేర్ నీ దగ్గరే నడుస్తది, దాని సర్టిఫికెట్ అది సొంతంగ రాసుకున్నది, బ్రౌజర్ గుర్తుపట్టదు. సాంకేతికంగా సబబే. కానీ పద్ధతి చూస్తే, సాక్షాత్తూ పోర్టల్‌వాళ్ళే హెచ్చరికను ఎట్ల దాటాలో శిక్షణ ఇస్తున్నట్టు! ఇది మనం మార్చలేం. పిల్లలకు ఒకటే గీత గియ్యి: అడ్రస్ బార్‌లో 127.0.0.1 ఉంటేనే "ప్రొసీడ్". మిగతా ఎక్కడ హెచ్చరిక పేజీ వచ్చినా ట్యాబ్ మూసి నిన్ను పిలువాలె.

"ప్రభుత్వ సైటే కదా, ఏమైతది" అని వాళ్ళు అడుగుతరు. 2014 జూలైలో మన కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్ఐసీలో సర్టిఫికెట్లు ఇచ్చే విభాగం నుంచి గూగుల్ డొమైన్ల పేర్ల మీద అనుమతి లేని సర్టిఫికెట్లు బయటికొచ్చినయి. గూగుల్ పట్టుకుని వాటిని క్రోమ్‌లో ఆపేసింది. పేరు చూసి వదిలెయ్యలేం. తాళం గుర్తు చూసుకొమ్మని పాత సలహా ఒకటి ఇంకా తిరుగుతున్నది, దాన్నీ పక్కన పెట్టు. తాళం అంటే మధ్యలో ఎవరూ వినట్లేదని, అవతల ఉన్నోడు మంచోడని కాదు. దొంగ సైటుకు కూడా తాళం వస్తది. జనం తప్పుగ అర్థం చేసుకుంటున్నరని గూగుల్ 2023లో క్రోమ్ నుంచి ఆ గుర్తే తీసేసింది.

నాలుగోది నోటిఫికేషన్లు. ఏదో హాల్‌టికెట్ సైటో, పాటల సైటో "నువ్వు రోబో కాదని చెప్పడానికి అలౌ నొక్కు" అంటది. నొక్కినంక కింద మూలన "5 వైరస్‌లు దొరికినయి" అని మొదలు. మిషన్‌లో వైరస్ ఉండదు, ఆ సైటుకు నువ్వు ఇచ్చిన అనుమతి ఉంటది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అన్ని సైట్లకూ వద్దని పెట్టి, ఇంతకుముందు అలౌ అయినవన్నీ తీసెయ్యి. మూడు మిషన్లకూ ఒక్క చాయ్ తాగేంత టైము చాలు.

ఈ నాలుగూ అయినంక రోజుకు వచ్చే బాక్సులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగులుతయి. అప్పుడు వాటికి విలువ వస్తది.

ఇగ అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది: పిల్లలు వాడే అకౌంట్ అడ్మినిస్ట్రేటర్ కావద్దు, స్టాండర్డ్ కావాలె. నీకోసం వేరే అడ్మిన్ అకౌంట్ చేసి, పాస్‌వర్డ్ నీ దగ్గర పెట్టుకో. అప్పుడు ఏదైనా లోపల వేసుకోబోతే "యెస్, నో" అని అడగదు, పాస్‌వర్డ్ అడుగుతది. అలవాటుగ నొక్కడానికి అక్కడ బటనే పని చెయ్యదు. వేలిముద్ర పరికరాన్ని ఆధార్‌తో కలిపే ఆర్డీ సర్వీస్ సాఫ్ట్‌వేర్, కొత్త ప్రింటర్ డ్రైవర్ వెయ్యాలంటే నిన్ను పిలుస్తరు, ఒకటి రెండు రోజులు విసుగొస్తది, ఓర్చుకో. అయితే కొన్ని రిమోట్ యాప్‌లు ఇన్‌స్టాల్ చెయ్యకుండనే డబుల్ క్లిక్ కొడితే నడుస్తయి, వాటిని ఈ పాస్‌వర్డ్ ఆపదు. అందుకే "ఫోన్‌లో మాట్లాడుకుంట ఏదీ దించొద్దు" అన్న నియమం నోటితో చెప్పక తప్పదు.

నువ్వు పాస్‌వర్డ్ కొట్టేముందు కూడా బాక్సంతా చదవక్కర్లేదు, ఒక్క వరుస చూడు: పబ్లిషర్. పైన పట్టీ నీలంగ ఉండి కంపెనీ పేరుంటే, నువ్వు వేసేది ఆ కంపెనీదేనా చూసుకో. పసుపుగ ఉండి "అన్‌నోన్" అని ఉంటే, అది యాడికెళ్ళి వచ్చిందో పిల్లగాణ్ణి అడుగు. క్రాక్ చేసిన ఫోటోషాప్, పేజ్‌మేకర్‌లు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతయి. వాటితోపాటు వచ్చే నోట్‌లో "ముందు యాంటీవైరస్ ఆఫ్ చెయ్యండి" అని ఉంటది చూడు, ఎందుకు చెయ్యమంటున్నడో ఒక్కసారి ఆలోచించు. ఫ్లెక్సీ షాపులవాళ్ళకు ఈ మాట చెప్తే నా మీదికే లేస్తరు.

హెచ్చరికలు ఇంగ్లిష్‌లో ఉండుడే అసలు అడ్డమని నీ పోస్టు కింద ఒకరు రాసిన్రు. కొంత నిజమే, విండోస్‌నూ క్రోమ్‌నూ తెలుగులోకి మార్చుకోవచ్చు కూడా. కానీ తెలుగులో దినాం ఇరవైసార్లు కనబడితే తెలుగులోనే చదవకుండ కొడతరు.

పోయిన వారం నీకొచ్చిన తెర సంగతి. అది విండోస్ ఇచ్చింది కాదు, బ్రౌజర్‌లో తెరుచుకున్న ఒక మామూలు వెబ్ పేజీ. ఫుల్ స్క్రీన్ చేసుకుని అడ్రస్ బార్‌ను దాచేస్తది, అందుకే మిషనే లాక్ అయినట్టు అనిపిస్తది. మైక్రోసాఫ్ట్ అసలు హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. పిల్లలకు నేర్పాల్సిన గుర్తు ఇదొక్కటే: తెర మీద ఫోన్ నంబరుందా, అయితే దొంగే. ఎస్కేప్ కాసేపు నొక్కిపట్టు, ఫుల్ స్క్రీన్ పోతది, ట్యాబ్ మూసెయ్యి. కాకుంటే ఆల్ట్ ఎఫ్4. అదీ కాకుంటే కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ కొట్టి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఎండ్ చెయ్యి. మళ్ళీ తెరిచినప్పుడు "రీస్టోర్ చెయ్యాలా" అంటే వద్దను, లేకుంటే అదే పేజీ మళ్ళీ లేస్తది. నోటితో చెప్పి వదిలెయ్యకు. ఖాళీ టైములో ఏదైనా పేజీని ఎఫ్11తో ఫుల్ స్క్రీన్ చేసి, వాళ్ళ చేతనే మూయించు. వేళ్ళకు రావాలె.

కస్టమర్ల ఫోన్లకు కూడా ఒక నియమం పెట్టు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) చూపించి "బిడ్డా, ఇది తెరుస్తలేదు, జర ఎక్కియ్యి" అని పెద్దమనుషులు వస్తరు. పేరు పీఎం కిసాన్ అనో, ట్రాఫిక్ చలాన్ అనో, పెండ్లి కార్డు అనో ఉంటది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి, ఏ యాప్ ద్వారా ఏపీకే ఎక్కియ్యాలన్నా ఆ యాప్‌కు విడిగ అనుమతి ఇయ్యాలె, అందుకే ఆయనకు తెరుచుకోలేదు. ఆయనను కాపాడిన ఆ హెచ్చరికను నీ పిల్లగాడు సాయం చేస్తున్ననుకుని దాటిస్తడు. ఎక్కినంక అది ఓటీపీ మెసేజ్‌లు చదివి పంపుతది. కౌంటర్ మీద ఏపీకే ఎక్కియ్యం అని బోర్డే రాసి పెట్టు, పిల్లలకు మొహమాటం తప్పుతది.

పిల్లలతో ఒక ఒప్పందం కూడా చేసుకో. ఆగి పిలిచినందుకు తిట్టవద్దు, అది ఉత్తదే అని తేలినా సరే, లైన్‌లో ఎంతమంది ఉన్నా సరే. ఒక్కసారి కస్టమర్ల ముందు కసురుకున్నవంటే మళ్ళీ పిలువరు. ఫోన్ చేసిన ఆ పిల్లగాణ్ణి కూడా ఏమనకు. తెర మీద ఏమున్నదో వాడు మొత్తం చదివిండు, అది చెప్పినట్టే చేసిండు.

ఇక ఇయ్యాల చెయ్యాల్సింది. ఆ మిషన్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ చూడు, ఎనీడెస్క్ ఫైల్ ఉంటే తీసెయ్యి, ఇన్‌స్టాల్ అయిన యాప్‌ల జాబితాలో కూడా చూడు. ఎనీడెస్క్ తెరిస్తే అందులో కనబడే నంబరు పిల్లగాడు అవతలోనికి చెప్పిండా, కనెక్షన్ ఒప్పుకున్నడా అని నిమ్మలంగ అడుగు. ఒప్పుకుని ఉంటే, ఆ మిషన్ మీద తెరిచిన మెయిల్, బ్యాంకు, పోర్టల్ పాస్‌వర్డ్‌లన్నీ వేరే మిషన్ నుంచి మార్చు, డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ నడిపియ్యి. నీదో కస్టమర్‌దో ఖాతా నుంచి పైసలు పోయినట్టు కనబడితే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, పైసలు ఖాతాలు మారకముందే ఆపే వీలుంటది. తర్వాత బ్యాంకుకు చెప్పి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టు.

నీ వేలిముద్ర పరికరం మోడల్ ఏదో, మూడు మిషన్ల మీద ఏ విండోస్ ఉన్నదో కింద రాయి. స్టాండర్డ్ అకౌంట్‌కు మార్చినంక ఆర్డీ సర్వీస్ కొన్నిటిలో మొండికేస్తది, మోడల్‌ను బట్టి చెప్త.